గుట్టు అనే జబ్బుకి బాగ్‌బేరా వైద్యం

మొగుడూ పెళ్లాలకు ఏకాంతం కావాలన్నవాడెవడో గానీ, వాడికి పక్కింటివాళ్లు లేకపోయి ఉండాలి! అది బంగళాల్లో ఉండేవాళ్లకొచ్చే జబ్బు. నమ్మకం లేకపోతే జంషెడ్‌పూర్ రండి, బాగ్‌బేరాలో రత్నం కాపురం చూడండి.

రత్నం మొగుడు పోలరాజు పెళ్లైన ఏడాది నుంచీ, అంటే పద్దెనిమిదేళ్లుగా, ఒక రేకుల కార్ఖానాలో రివెట్లు కొడుతున్నాడు. ఆ మోతకి చెవులు దిమ్మెక్కి, పక్కన నిలబడి అరిస్తే తప్ప వినబడదు. వాళ్లుండేది పది గదుల వరస ఇల్లు. గదికీ గదికీ మధ్య ఒంటి ఇటుక గోడ. అందుచేత రత్నం మొగుడితో ఒక మాట చెబితే పది కాపురాలకీ చెప్పినట్టే. ఎంత సౌకర్యం!

"కూరలో ఉప్పు సరిపోనాదా మావా?" అని అరుస్తుంది. పోలరాజు ముద్ద మింగేలోపు పక్క గదిలోంచి భద్రమ్మ, "ఏసిన కాడికి సాల్లే, ఆడికసలే బీపీ" అంటుంది. రత్నం నెల తప్పిన కబురు ఆరో గది దాకా వెళ్లి, అక్కణ్నుంచి మిఠాయి తిరిగొచ్చాక గానీ పోలరాజుకి అర్థం కాలేదు.

అయినా మనిషికి తృప్తి ఉండదు కదా. మొగుడికి ఒక్క మాట, ఒకే ఒక్క మాట, మూడో మనిషి చెవిన పడకుండా చెప్పాలని రత్నానికి పెళ్లైన నాటి నుంచీ కోరిక. చెవిలో చెప్పొచ్చుగా అంటారా? ఆ ప్రయత్నమూ అయింది. "గట్టిగా సెప్పే" అని ఆయన అరిచాడు. వరసంతా చేతిలో పనులాపి ఎదురుచూసింది.

ఒరిస్సాలో చిలికా సరస్సు సముద్రంలో కలిసే మొగ దగ్గర మనుషుల్లేని ఇసుక దీవి ఉందనీ, పడవలో తీసుకెళ్తారనీ ఈ ఎనభై రెండులోనే ఎవరో అన్నారు. వెళ్దామని మొగుణ్ని అడిగింది రత్నం. ఎలా అడుగుతుంది? అరిచే అడిగింది. మర్నాటికి నలభై మంది తయారు!

దీవిలో దిగీ దిగగానే సరుగుడు చెట్ల కింద కిరసనాయిలు స్టవ్వు వెలిగింది. పులిహోర మూట విప్పారు, పేక ముక్కలు పంచారు, ట్రాన్సిస్టర్ పాటందుకుంది. సముద్రం నీలంగా ఉంది గానీ చూసే తీరిక ఎవరికీ లేదు. పాపం ఆ దీవి ఎన్నేళ్లుగా మనిషి మాటకి మొహం వాచి ఉందో! రత్నం మాత్రం మొహం ముడుచుకుని వంకాయలు తరిగింది.

యాత్రకి పెద్ద ఆదిబాబు. కార్ఖానా గేట్లో హాజరు చూసేది ఆయనే. అక్కడ పనివాడు వస్తూనే తన ఇత్తడి బిళ్ల పెట్టెలో వెయ్యాలి. పెట్టెలో బిళ్లుంటే మనిషి లోపలున్నట్టే. అలాంటి బిళ్లలే ఆదిబాబు దీవికీ మోసుకొచ్చి తలా ఒకటి ఇచ్చాడు. పడవెక్కేటప్పుడు డబ్బాలో వెయ్యాలి, నలభై పడితే బయల్దేరాలి. తలలు లెక్కపెట్టడం ఆయనకు నామోషీ.

సాయంత్రం రత్నం మొగుణ్ని సరుగుడు తోపు వెనక్కి గవ్వలేరమని పంపింది. తను పడవెక్కి, కూతుర్ని భద్రమ్మ ఒళ్లో కూర్చోబెట్టి, దాని బిళ్లతోపాటు తనదీ మొగుడిదీ కూడా డబ్బాలో వేసింది. చెప్పులు మరిచిపోయానని దిగి తోపులోకి నడిచింది.

"చాలీస్. బరాబర్. చలో" అన్నాడు ఆదిబాబు.

పడవ గోరంత అయ్యాక రత్నం గుండెల నిండా గాలి పీల్చి, ఆ మాట చెప్పింది.

"ఏటి?" అన్నాడు పోలరాజు.

ఇంకా గట్టిగా చెప్పింది.

"ఏటీ?"

మూడోసారి చెబుతూ మొగుడి మొహం చూసింది. మొదటిసారే వినబడిందని తెలిసిపోయింది.

"దొంగ సచ్చినోడా" అంది. నవ్వొచ్చింది, నవ్వుతోపాటే ఏడుపూ వచ్చింది.

"ఇంకోపాలి సెప్పే" అన్నాడు పోలరాజు. చెప్పింది. పద్దెనిమిదేళ్ల బాకీ తీరేదాకా చెప్పింది.

అరగంటకి పడవ వెనక్కొచ్చింది. బిళ్లలు సరిగానే ఉన్నాయి, తప్పు మనుషులదేనని ఆదిబాబు తేల్చాడు. భద్రమ్మ రత్నాన్ని చెయ్యిపట్టి ఎక్కించుకుంటూ, "ఇద్దరూ ఏటి మాటాడుకున్నారే?" అంది.

"ఏటీ నేదొదినా" అంది రత్నం, నెమ్మదిగా.

పడవలో అందరి మొహాలూ వాడిపోయాయి. ఆ వరసకి తెలియని మొట్టమొదటి మాట! చూశారా ఏకాంతం ఎంత కీడు చేస్తుందో?

ఇంతకీ ఏం చెప్పిందంటారా? మాకు తెలుసు. రాసేవాళ్లమే. కానీ ఈ పత్రిక బాగ్‌బేరాకీ వెళ్తుంది. అక్కడ భద్రమ్మకి ఎవరో ఒకరు దీన్ని చదివి వినిపిస్తారు.