భద్రమైన మూల

ఒక పెద్ద అడవిలో శాంతి సభ ఒకటి ఉండేదంటే మీరు నమ్మకపోయినా నేనేం అనుకోను. మా వీధిలో రెండు కుక్కల మధ్య సంధి చెయ్యబోయి రెండింటిచేతా కరిపించుకున్నవాణ్ణి. శాంతి గురించి నాకు తెలిసింది అంతే.

ఆ అడవి చివర, సముద్రానికీ ముళ్లకంచెకీ మధ్య, సన్నటి ఇసుక నేల ఉంది. కాసిని ఆలివ్ చెట్లు, ఎటు చూసినా బొరియలు, బొరియల నిండా చెవులపిల్లులు. ఆ నేలలోనే నక్కి ఉన్న రేచుకుక్కలు ఒకనాడు కంచె దాటి చిరుతల పిల్లల్ని చంపాయి. అది ఘోరమే. ఆ వెంటనే చిరుతలు వచ్చి బొరియలన్నీ తవ్వడం మొదలెట్టాయి. దొరికిన రేచుకుక్కలు తక్కువ. దొరికిన చెవులపిల్లులు ఎక్కువ.

ఒక తల్లి చెవులపిల్లి తన ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని సభకొచ్చింది.

"అయ్యా, తవ్వడం ఆపమని ఒక్క మాట చెప్పండి."

సభాధ్యక్షత వహిస్తున్న కొంగ ఒంటికాలి మీద నిలబడి కళ్లు మూసుకుంది. "ఎంత చల్లని మాట చెప్పావమ్మా. తీర్మానం చేసేద్దాం."

ఆ సభలో ఒక ఆచారం ఉంది. ఏనుగు తొండం ఎత్తిందంటే తీర్మానం పోయినట్టే. ఎందుకలా అని ఎవరూ అడగరు. చిరుతలు గోళ్లు సానబెట్టుకునే రాయి కూడా ఏనుగుదే. అదీ ఎవరూ అడగరు.

గుమాస్తా నక్క గొంతు సవరించుకుంది. "'ఆపండి' అని రాశానండీ."

తొండం లేచింది.

"పోనీ, 'కాసేపు ఆపండి'?"

తొండం లేచింది.

"'తవ్వేటప్పుడు కళ్లలో మట్టి పడకుండా చూసుకోండి'?"

"ఎవరి కళ్లలో?" అంది ఏనుగు.

"చిరుతల కళ్లలోనే బాబయ్యా."

తొండం దిగింది. చప్పట్లు మోగాయి.

"మరి మా సంగతి?" అంది తల్లి.

"మిమ్మల్ని మర్చిపోతామా? దక్షిణం మూలని భద్ర ప్రాంతంగా ప్రకటిస్తున్నాం. అందరూ అక్కడికి పొండి. ఎక్కడుందో చిరుతలకి కూడా కబురు పెట్టాం," అంది కొంగ.

"వాళ్లకి చెప్పారా?"

"చెప్పకపోతే అక్కడ తవ్వకూడదని వాళ్లకెలా తెలుస్తుంది, పిచ్చిదానా."

చెవులపిల్లులన్నీ ఆ మూలకి చేరాయి. చిరుతలకి వెతికే శ్రమ తప్పింది. అదేమని అడిగితే, రేచుకుక్క వాసనొచ్చిందన్నాయి.

తల్లి మళ్లీ సభకొచ్చింది. ఈసారి వెంట ఒక్క పిల్లే ఉంది.

కొంగకి ఎంత బాధ కలిగిందంటే, రెండో కాలు కూడా కింద పెట్టింది. "అందరం లేచి మౌనం పాటిద్దాం."

"మౌనం మా బొరియల్లో బోలెడుందండీ. మాటే కావాలి."

ఆ మాట పూర్తవుతుండగానే పొదల్లో గాండ్రింపులు వినబడ్డాయి. చిరుతలూ రేచుకుక్కలూ కొట్టుకుంటూ కంచె దాటి సభ మీదికే వచ్చి పడుతున్నాయి. కొంగ ఎగిరింది. నక్క దౌడు తీసింది. ఏనుగు కుర్చీలు తొక్కుకుంటూ ఉత్తరానికి పరిగెత్తింది.

"అయ్యా, భద్ర ప్రాంతం ఇటు కదా," అని వెనక నుంచి పిలిచింది తల్లి.

"అది మీకోసం తల్లీ," అంది ఏనుగు, ఆగకుండానే.

తల్లి పిల్లని నోట కరుచుకుని ఏనుగు వెనకే ఉత్తరానికి పరిగెత్తింది. సభ ఆమెకి సరైన దారి చూపించడం అదే మొదలు.

నీతి: పెద్దలు చెప్పే దిక్కు వినకండి, పరిగెత్తే దిక్కు చూడండి.