కంప్యూటర్‌కి కట్టేసిన పియానో

పియానో ఉన్నది వాయించడానికేనని నమ్మే అమాయకులు మీలో ఇంకా ఎవరైనా ఉన్నారా? జాలేస్తోంది! పియానో ఉన్నది కంప్యూటర్‌కి కలపడానికండీ!

ఈ జ్ఞానం నాకు పియానోని కంప్యూటర్‌కి కలిపే మిడి కేబుల్ కొన్నాకే కలిగింది. అంతకుముందు మా ఇంట్లో మహా అనాగరికం. ఆఫీసు నుంచి రాగానే నేను డిజిటల్ పియానో ముందు కూర్చునేవాణ్ణి. మా ఆవిడ పక్కన నిలబడి పాడేది. పాటలయ్యాక భోజనాలు చేసేవాళ్ళం. అదీ ఒక బతుకేనా?

ఇప్పుడో! మిడి గొప్పతనమేమిటంటే, ఆ తీగలోంచి సంగీతం వెళ్ళదు. ఏ మీట నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు అన్న కబురు మాత్రమే వెళ్తుంది. మోగించే పని కంప్యూటర్ చూసుకుంటుంది, దానికి బుద్ధి పుడితే. సెట్టింగుల్లో నేనేదో మార్చాక పియానో సొంత గొంతు కూడా మూగబోయింది. ఇంత ప్రశాంతత ఎన్ని ఇళ్ళలో ఉంది, చెప్పండి?

కంప్యూటర్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ లేదంది, వేశాను. పోర్టు తప్పంది, మార్చాను. ఫోన్‌కి కలపబోతే అడాప్టర్ కావాలంది. ట్యాబ్లెట్‌లో బ్లూటూత్ పెడితే పక్కింటి టీవీ కనబడింది గానీ, ఎదురుగా ఉన్న నా పియానో కనబడలేదు. తల ప్రాణం తోకకొచ్చిందనుకోండి. అయినా ఎంత విజ్ఞానం!

మా ఆవిడ కూడా బాగా ఎదిగింది. మొదట్లో రికార్డింగ్ కోసం కంప్యూటర్‌కి తగిలించిన మైకు ముందు నిలబడి, "ఏమండీ, మొదలెట్టనా?" అనేది.

"ఒక్క నిమిషం!" అనేవాణ్ణి.

తర్వాత్తర్వాత కూర్చుని అడిగేది. ఆపైన వంటింట్లోంచి కూరగాయలు తరుగుతూ అడిగేది. ఇప్పుడసలు అడగనే అడగదు. సాయంత్రం కాగానే కింది వాటాలో పంటి డాక్టరు గారింటికి వెళ్తోంది. ఆయన దగ్గర పాత చెక్క పియానో ఒకటుంది. కేబుల్ దూర్చడానికి దానికి కన్నమే లేదు, పాపం!

నిన్న సాయంత్రం సాధించాను! స్క్రీన్ మీద "కనెక్టెడ్" అని పచ్చగా వెలిగింది. ఆనందం పట్టలేక రికార్డింగ్ నొక్కేసి, ఆవిణ్ణి పిలుద్దామని కిటికీ దగ్గరికి పరిగెత్తాను. కింద అప్పుడే పాట అందుకుంది. పిలవడం మానేసి అక్కడే నిలబడి విన్నాను. ఆ పాటకి నేను కదా వాయించాల్సింది!

పాటయ్యాక వచ్చి రికార్డింగ్ విన్నాను. నేను మీట ముట్టుకోలేదు కాబట్టి అందులో పియానో వంతు అంతా ఖాళీ. మైకు మాత్రం కిటికీలోంచి వచ్చిందంతా పట్టేసింది. పాట, చివర్లో మా ఆవిడ నవ్వు, ఆ వెనకే ఆవిడ మాట. ఎంత స్పష్టంగా ఉందనుకున్నారు!

"భలే ఉందండీ డాక్టరు గారూ, మీ పియానో! ఇలా నొక్కితే అలా మోగుతోంది!"