నాలుగు మడతల కాగితం

ఆ ఉదయం పధ్నాలుగేళ్ల అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. నాన్న గడ్డం గీసుకుంటుండగా సంతకం పెట్టించుకుని, ఆయన ఎందుకని అడిగేలోపు బడికి పరుగెత్తాలి. బడిలో ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేస్తున్నారు; దానికి తల్లిదో తండ్రిదో సంతకంతో ఒప్పుదల కాగితం ఇవ్వాలి. సూదంటే ఆమెకు భయం లేదు. గర్భాశయ అనే ఆ మొదటి మాట నాన్న ముందు పలకడం కంటే పది సూదులు పొడిపించుకోవడం నయమనిపించింది. అందుకే సంతకం చోటు మాత్రం పైకి కనిపించేలా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది.

కానీ నాన్న గడియారాలు బాగుచేసే మనిషి. సందుల్లోకి చూడటమే ఆయన వృత్తి. మడతల్లోంచి మూడు మాటలు దొరికాయి: గర్భాశయ, క్యాన్సర్, తల్లి. గబగబా సంతకం గీకాడు. అమ్మాయి మాయమైంది.

సగం గడ్డానికి నురగతోనే ఆయన వంటింట్లోకి నడిచి, భార్య చేతిలోని గిన్నె లాక్కున్నాడు.

"నువ్వు కూర్చో. ఇకనించి అన్నీ నేనే చూసుకుంటా."

పదహారేళ్లలో తాగిన గ్లాసు కూడా కడగని మనిషి! ఆవిడ పెరట్లోకి వెళ్లి అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, నీ మరిదికి ఏదో అయిందే. అంట్లు తోముతూ ఏడుస్తున్నారు."

"డాక్టరు ఏదో చెప్పుంటాడు. నీ దగ్గర దాస్తున్నాడు పాపం!"

పావుగంటలో అక్క శోకాలు పెడుతూ దిగింది. ఆమెను చూడగానే ఆయనకు అనుమానం రూఢి అయిపోయింది.

"అయితే మీకూ తెలుసన్నమాట! ఎంతవరకు ముదిరింది వదినా?"

"నన్నడుగుతావేం నాయనా? జబ్బు నీకైతే!"

"నాకా? మీ చెల్లెలికి కదా!"

"నాకేం రోగం?" అంది భార్య, ఏడుపు మధ్యలో ఆపి.

నిజం తెలిసిన మనిషి, ఆ కాగితం తెచ్చిన కూతురు, బడిలో ఉంది. ముగ్గురూ అక్కడికి పరుగెత్తారు. వరండాలో టీకా కోసం నలభైమంది అమ్మాయిలు వరుసగా నిలబడ్డారు.

"అమ్మకి గర్భాశయ క్యాన్సరని నాకెందుకు చెప్పలేదమ్మా?" నాన్న గొంతు మేడ మీది తరగతుల దాకా వినిపించింది.

"అమ్మకి కాదు నాన్నా! నాకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా! టీకా!" కూతురు అంతకంటే గట్టిగా అరిచింది.

ఆయన చెంప మీద ఎండిన నురగ తుడుచుకున్నాడు.

"అంతేనా? ఆ ముక్క పొద్దున్నే చెప్తే అంట్లు తప్పేవిగా!"

టీకా వేసే నర్సు ఊరుకోలేదు. "మీ పెంపకంలోనే ఉందండీ లోపం. పిల్ల సిగ్గుపడకుండా ఇంట్లో అన్నీ మాట్లాడాలి," అంటూ పది నిమిషాలు ముగ్గుర్నీ వాయించింది. తరవాత టీచరు వైపు తిరిగి, "మీ తరగతిలో కాగితం ఎవరైనా తేలేదా?" అంది.

"ఒకమ్మాయి తేలేదండీ. ఇంట్లో చూపించడానికి సిగ్గేసిందట." టీచరు గొంతు తగ్గించింది. "మీ అమ్మాయే."

నర్సు ఇంకా నింపని ఒప్పుదల కాగితం ఒకటి తీసుకుని, తల్లి సంతకం అన్నచోట తన పేరు రాసింది.