ఎండసొరకు మంత్రిగారి నివాళి

తన నియోజకవర్గంలో తాను హాజరు కాకుండా ఏ ఒక్క శవమూ సమాధి చేరదని మంత్రి డెవానీగారు బహిరంగసభలో ప్రకటించారు. అన్నమాట తప్పలేదు. ఐర్లండ్ పడమటి తీరంలో ఎవరు పోయినా చర్చి ఫాదర్ కన్నా ముందు ఆయన కారే వస్తుంది. రోడ్లూ రేవులూ కాస్త ఆలస్యమైతే కావచ్చు, చావుల విషయంలో మాత్రం ఆయన పరిపాలనకు వంక పెట్టలేం.

ఆ వేసవిలో గ్రోన్యా ఇంటి ముందు ఇసుకలో ఎండసొర ఒకటి చచ్చి పడింది. బస్సంత సొరచేప. బతికున్నన్నాళ్లూ నీటి పైన తేలుతూ ఎండ కాచుకునేది, కంటికానని నలుసులు తినేది. గ్రోన్యాకు వేసవి అతిథులు ఇచ్చే అద్దెలే ఏడాది కూడు. ఆ కంపుకు వాళ్లు ఒక్కొక్కరే పెట్టె సర్దుతున్నారు. పూడ్చడానికి పొక్లెయిన్ పంపమంటే, ఆటుపోటుల గీతకు పైది జిల్లావారిదనీ, కిందది కేంద్రానిదనీ, తల ఒకరి పరిధిలో, తోక ఇంకొకరి పరిధిలో పడింది కాబట్టి కమిటీ వేయాలనీ జవాబొచ్చింది.

గ్రోన్యా ఆదివారం పూజ తప్పని మనిషి, అబద్ధమాడదు. మంత్రిగారి ఆఫీసుకు ఫోన్ చేసి, తీరంలో చావు జరిగిందనీ, ఊరంతా ఒడ్డునే ఉందనీ చెప్పింది. పోయిందెవరని వాళ్లు అడగలేదు. అలా అడిగే ఆనవాయితీ అక్కడ లేదు.

"ఖననం ఎప్పుడమ్మా?" అన్నాడు సెక్రటరీ.

"అయ్యగారొస్తేనే అండీ."

మధ్యాహ్నానికల్లా మంత్రిగారు నల్ల టైతో, ఫొటోగ్రాఫరుతో దిగారు. వరసగా ఒక్కొక్కరి చేయీ పట్టుకుని ఓదారుస్తూ గ్రోన్యా దగ్గరికొచ్చారు.

"నాకెంత దగ్గరివాడమ్మా. మొన్ననే మాట్లాడాను."

"ఏమన్నాడండీ?"

"రోడ్డు బాగుందన్నాడు."

వరస చివర చేప ఎదురైంది. ఇంకొకరైతే వెనుదిరిగేవారు. ఆయన ఫొటోగ్రాఫరు వైపు ఒకసారి చూసి, టోపీ తీసి, కన్నీరు పెట్టుకున్నారు. అది కంపు వల్లేనని గిట్టనివాళ్లు అన్నారు. ఈయనకు కోపమొస్తే పొక్లెయిన్ ఇక కలలోకి కూడా రాదని గ్రోన్యా లోలోపల జపమాల తిప్పుతోంది.

"ఎలాంటివాడు, ఫాదర్?" మంత్రిగారు మెల్లగా అడిగారు.

ఫాదర్ ఫింటన్ కూడా అబద్ధమాడడు. "ఒళ్లు పెద్దది, బుర్ర చిన్నది. జీవితమంతా నోరు తెరుచుకునే ఈదాడు. ఎదురొచ్చిందల్లా లోపలికి పోయేది. ఎవరికీ చెరుపు చేయలేదు. మేలు చేసినట్టూ గుర్తులేదు."

మంత్రిగారు కారులోంచి పార్టీ జెండా తెప్పించి, స్వయంగా తోక మీద కప్పారు.

"మనవాడే," అన్నారు. "పొక్లెయిన్ పిలవండి."