గడువు దాటని శాఖ

“మార్చి ముప్పై ఒకటి తర్వాత మా శాఖలో ఆలస్యమన్న మాట వినబడదు,” అని పత్రికల వాళ్ళను పిలిచి ప్రకటించారు మా బావగారు. ఆయన పనుల శాఖ మంత్రి. ఆయన భార్యకు తమ్ముణ్ణి కావడమనే అర్హతతో నేను పీఏని.

ఆ తేదీ దాటాక ఆలస్యమైన పని ఒక్కటీ లేకపోతే డిప్యూటీ ముఖ్యమంత్రి పదవి ఇస్తానని పార్టీ పెద్దాయన మాటిచ్చారు. అక్క అప్పుడే కొత్త బంగళా కర్టెన్లకు కొలతలు తీయించింది.

ఏప్రిల్ పదిన ప్రోగ్రామర్ అమ్మాయి సీ భాషలో రాసిన తేదీల ప్రోగ్రామ్ నడిపింది. పనులన్నిటికీ గడువు మార్చి ముప్పై ఒకటే; దాటినవి ఎర్రగా కనబడతాయి. వంతెన మొదలు మరుగుదొడ్డి దాకా తెరంతా ఎరుపే.

“తేదీలెలా పోలుస్తున్నావమ్మా?” అన్నారు బావగారు.

“ముందు సంవత్సరం సార్. అది ఒకటే అయితే నెల. అదీ ఒకటే అయితే రోజు.”

“రాసేటప్పుడు ముందేం రాస్తాం?”

“రోజు.”

“మరి చివర కూర్చున్న సంవత్సరాన్ని ముందుకు పిలుస్తావేం? రోజునే ముందు చూడు.”

“అలా చూస్తే ఇవాళ్టి పది కన్నా గడువులోని ముప్పై ఒకటి పెద్దది సార్. గడువింకా రానట్టే.”

బావగారు ఆ అమ్మాయి వైపు ఎంతో వాత్సల్యంగా చూశారు. “అదే కదమ్మా నేను మొత్తుకునేది.”

ప్రోగ్రామ్‌లో మూడు వరసలు కిందామీదా అయ్యాయి. తెర ఆకుపచ్చగా మారింది. పునాది కూడా తవ్వని వంతెన సకాలంలో సాగుతోంది.

“ఒక్క చిక్కుంది సార్. ఏ నెలలోనైనా ముప్పై ఒకటో తేదీ వస్తే రోజులు సమానమవుతాయి. అప్పుడు నెలను చూసి, నిజం చెప్పేస్తుంది.”

“ఆ తేదీన ఆఫీసులన్నిటికీ సెలవు. రాసుకో బావమరిదీ.”

సంస్కరణకు ముచ్చటపడి పెద్దాయన ఆ ప్రోగ్రామ్‌ను తన గదిలోనూ పెట్టించుకున్నారు.

నవంబరులో బావగారు పదవి అడగడానికి వెళ్ళారు. పూలగుత్తి పట్టుకుని వెనక నేను. పెద్దాయన తన కంప్యూటర్లో ఏదో నొక్కారు. తెర ఆకుపచ్చగా వెలిగింది.

“మార్చి ముప్పై ఒకటి దాటాక అన్నాను కదా మంత్రిగారూ. ఇంకా దాటలేదు.”

“ఇది నవంబరండీ.”

“మీ ప్రోగ్రామ్‌ను మీరే నమ్మకపోతే ఎలా?”

బావగారు తెరను చూశారు, పూలగుత్తిని చూశారు, నన్ను చూశారు.

“పోనీ, వచ్చే నెల ముప్పై ఒకటిన వచ్చి కనపడతాను.”

“ఆ రోజు సెలవు కదా,” అన్నారు పెద్దాయన. “మీరే ఇప్పించారు.”

మెట్లు దిగుతుంటే అక్క ఫోన్ చేసింది, కర్టెన్లు ఏ రంగువి తీసుకోమంటావని. ఆకుపచ్చవి తీసుకోమన్నాను.