రెండు డిగ్రీలు కుడికి

ఆ ఉదయం కంట్రోలర్ గారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. తొమ్మిదింటికి అంతరిక్షంలో ఉన్న టెలిస్కోపు నుంచి ఫోటోలు దింపుకోవడం, పదిన్నరకు టీ తాగడం, సాయంత్రందాకా భర్తతో మాట్లాడకపోవడం. ఆయన పక్క భవనంలోనే ఉంటాడు. ఆమె సిస్టం మొరాయిస్తే పగ్గాలు అందుకోవలసిన రెండో కంట్రోలర్. పొద్దున తడిబట్టలు ఎవరు ఆరేయాలన్న దగ్గర ఇద్దరికీ చెడింది.

ఫోటోలు మామూలువి కావు, పేలిపోతున్న ఒక నక్షత్రానివి. ఆరేళ్ళుగా దానికోసం కాచుకున్న ముసలి పరిశోధకుడు ఆమె కుర్చీ వెనకే నిలబడ్డాడు. పదకొండు దాటితే టెలిస్కోపు కొత్త ఫోటోలను పాతవాటి మీదే రాసేస్తుంది. నక్షత్రం ఆయన కోసం మళ్ళీ పేలదు.

తొమ్మిదయింది, సిగ్నల్ రాలేదు. టెలిస్కోపుకు ఒళ్ళంతా చెవులే, ఎటునుంచి చెప్పినా వింటుంది. బదులు చెప్పాలంటే మాత్రం దాని డిష్ సూటిగా భూమివైపు ఉండాలి. అది కాస్త ఎడమకు జరిగిందని లెక్కతేల్చి, "రెండు డిగ్రీలు కుడికి" అని ఆమె ఆదేశం పంపింది. పంపేముందు రెండో కంట్రోలర్‌కు ఫోన్ చేయాలన్నది నియమం. ఆమె ఫోన్ వైపు చూసి మొహం తిప్పుకుంది.

అవతల భర్త కూడా అదే లెక్క తేల్చి, అదే ఆదేశం పంపి, ఫోన్ వైపు చూసి మొహం తిప్పుకున్నాడు. టెలిస్కోపు బుద్ధిగా నాలుగు డిగ్రీలు తిరిగింది. ఎక్కువైందేమోనని ఆమె రెండు వెనక్కి తిప్పింది. ఆయనకూ అదే అనుమానం వచ్చింది. ఈసారి మూడు చూద్దామనుకుంది ఆమె. ఆయనా మూడే అనుకున్నాడు. పది దాటేసరికి అది ఎటు చూస్తోందో దానికే తెలియాలి.

"అమ్మా, పోయినట్టేనా?" అని పరిశోధకుడు మెల్లగా అడిగాడు. ఆయన మొహం చూడలేక ఆమె పంతం పక్కనపెట్టి, పదీ పదిహేనుకు ఫోన్ తీసింది.

"మీరేమైనా పంపారా?"

"నువ్వు పంపలేదనుకుని పంపాను. ఆరుసార్లు."

"నాకొక్క మాట చెప్పొద్దూ?"

"నాతో మాట్లాడొద్దన్నదెవరు?"

అక్కడినుంచి సంగతి తడిబట్టల మీదికి, అత్తగారి మీదికి, పెళ్ళయిన కొత్తలో ఆయన బస్సులో మరిచిపోయిన గొడుగు మీదికి పోయింది. పరిశోధకుడు గడియారం చూపించి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. ఆ దంపతులకు వినపడలేదు.

పదీ నలభైకి రెండు భవనాల్లోనూ తెర మీద నక్షత్రం ఫోటో మొదటి గీత విచ్చుకుంది. ఇద్దరూ మాట మధ్యలోనే ఆగిపోయారు.

టెలిస్కోపును కట్టినవాళ్ళు దానికొక అలవాటు నేర్పారు. ఎప్పుడూ అవసరం రాక అందరూ దాన్ని మరిచిపోయారు. ఫోటోలు పంపాల్సిన వేళ మొదలయ్యాక ఇరవై నిమిషాలపాటు కిందినుంచి ఏ ఆదేశమూ రాకపోతే, అది సూర్యుణ్ణి చూసి దిక్కు తెలుసుకుని, తనంతట తానే భూమివైపు తిరుగుతుంది. పొద్దున్నుంచీ దానికి ఆ తీరికే దొరకలేదు.

పదకొండుకు రెండు నిమిషాలుందనగా చివరి ఫోటో దిగింది. పరిశోధకుడు కుర్చీలో కూలబడి సంతోషంతో ఏడ్చేశాడు.

సిగ్నల్ తెగిపోతే కంట్రోలర్లిద్దరూ ఇరవై నిమిషాలు ఏ ఆదేశమూ పంపకుండా ఫోన్లో మాట్లాడుకోవాలని డైరెక్టరు కొత్త నియమం రాశారు. ఏ విషయం మీద అన్నచోట మాత్రం ఖాళీ వదిలేశారు.