డిస్కోకెక్కిన తాతగారి కీర్తన

1978 అక్టోబరులో ఒక ఆదివారం ఉదయం అమెరికాలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో దేవకుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది: ఇడ్లీ తినడం, చర్చికి వెళ్లడం, బాపట్లలో కాలం చేసిన తన తండ్రి స్వరపరచిన కీర్తనను ఇక్కడి తెలుగు సంఘం చేత తొలిసారి పాడించడం.

కూతురు లూసీ రేడియో పెట్టింది. ఆ ఏడాది ఊరూవాడా మోగుతున్న డిస్కో పాట వచ్చింది. శుక్రవారం స్కూల్లో జరిగే డాన్స్‌కు పంపమని ఆమె వారం రోజులుగా అడుగుతోంది; క్లబ్బుల్లో పుట్టిన పాటలకు తన కూతురు ఆడదని ఆయన వారం రోజులుగా చెబుతున్నాడు. రోజూ వెంటనే రేడియో కట్టేసే ఆయన, ఆ పూట చేతినిండా చట్నీ ఉండడం వల్ల పల్లవి దాకా విన్నాడు. విని, లేచి నిలబడ్డాడు.

"ఇది నాన్నగారి ట్యూన్. కాపీ కొట్టారు."

రెండు వరుసలు ఒకేలా ఉంటే రుజువయ్యేది అవి ఒకేలా ఉన్నాయన్నంత వరకే. కార్ల కంపెనీలో బ్రేకు అరిగితే పది కారణాలు వెతికే ఈ ఇంజనీరు, పాట దగ్గరికి వచ్చేసరికి మొదటి కారణంతోనే తృప్తిపడ్డాడు.

"అయితే అది చర్చ్ సాంగ్ కదా డాడీ," అంది లూసీ. "నేను డాన్స్‌కి వెళ్లొచ్చు కదా?"

తండ్రి కీర్తి ఒకవైపు, కూతురి డాన్స్ మరోవైపు. కీర్తే గెలిచింది. "చర్చిలో పుట్టిందని అందరి ముందూ తేలనీ. నేనే డ్రైవ్ చేసి దింపుతా."

ఆయన పాస్టర్ జోసఫ్‌కు ఫోన్ చేశాడు. పాస్టర్ గాయకబృందానికి చెప్పారు. బృందం ఊరికి చెప్పింది. తెలుగువారు మధ్యాహ్నాలు వాడుకునే హాలు నల్లజాతివారి చర్చిది. ఉదయపు ఆరాధన ముగిసినా అక్కడ ఒక్కరూ ఇంటికి పోలేదు. ఆ హిట్ పాట అసలు రచయిత ఇండియా నుంచి వచ్చాడని విని కూర్చున్నారు. రచయిత పోయి చాలా ఏళ్లయిందని దేవకుమార్ చెప్పబోయేలోగా మెడలో దండ పడింది.

ఆయన కళ్లు మూసుకుని కీర్తన ఎత్తుకున్నాడు. రెండో చరణానికి హాలంతా అందుకుంది, ఇంగ్లీషులో, చప్పట్లతో. రేడియోలో లేని చరణాలు కూడా వాళ్లకు వచ్చు.

పియానో వాయించే మిస్ హ్యాటీ అనే పెద్దావిడ నెమ్మదిగా వివరించింది. అది తమ అమ్మమ్మలు ఈ చర్చిలోనే కట్టుకుని, ఆ రోజుల్లోనే రికార్డు కూడా ఇచ్చిన పాట. డిస్కో చేసిన కుర్రవాడు చిన్నప్పుడు ఈ బల్లల మీదే కూర్చుని నేర్చుకున్నాడు. మరి మీ నాన్నగారికి ఎవరు నేర్పారని ఆప్యాయంగా అడిగింది.

బాపట్లలో మిషనరీ దొరసాని గారి గ్రామఫోన్ పక్కన కూర్చుని తండ్రి స్వరపరచేవారన్న సంగతి దేవకుమార్‌కు ఎప్పటినుంచో తెలుసు. గ్రామఫోన్‌కు ఆ పనిలో ఉన్న వాటా ఎంతో ఇప్పుడే తెలిసింది.

దొంగతనం మీద సిద్ధం చేసుకున్న ప్రసంగాన్ని పాస్టర్ జోసఫ్ మడిచి జేబులో పెట్టుకుని, క్షమాగుణం గురించి మాట్లాడారు.

తిరుగు ప్రయాణంలో దేవకుమార్‌కు ఒక ఊరట దొరికింది. "తాతయ్య పాట కాదని తేలింది కదమ్మా. ఇక డాన్స్ మాట వదిలెయ్."

"తాతయ్య పాట అవ్వాలని నువ్వు అన్లేదు డాడీ. చర్చ్‌లో పుట్టాలన్నావ్. పుట్టింది."

"అలాగే అన్నారండీ," అంది భార్య కరుణమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ. "నేను విన్నాను."

శుక్రవారం స్కూలు జిమ్‌లో గోడకు ఆనుకుని నిలబడ్డ దేవకుమార్ ఆ పాటను ససేమిరా ఒప్పుకోలేదు. ఆయన కుడికాలి బూటు మాత్రం సాక్ష్యాధారాలన్నీ పరిశీలించి, తాళం వేస్తూ ఒప్పేసుకుంది.